ఓటు రోజు కూలి మనకి రావాల్సిందే: 135బి గురించి కొంచెం



ఎలక్షన్లు అనగానే మన గ్రూపులో ఎవరు గెలుస్తారు, ఎవరికి ఏ టికెట్ అన్న మాటలే ఎక్కువ నడుస్తాయి. నేను దాని గురించి రాయట్లేదు. ఓటు వేయడానికి పోయిన రోజు కూలి ఎవరు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏంటి అనే సంగతి రాస్తున్నా. కొంచెం పెద్దదే అయింది, ఓపిక చేసుకుని చదవండి. మీ ఇంట్లో ఎవరైనా కోళ్ల ఫారాల్లో, రొయ్యల చెరువుల మీద, ఇటుక బట్టీల్లో, బోరు బండ్ల మీద పనిచేస్తుంటే మాత్రం తప్పకుండా చదవండి.

నాది రంపచోడవరం నియోజకవర్గం. కొండరెడ్ల పిల్లని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. హాస్టల్లో ఉండి పొలిటికల్ సైన్స్ చదువుతున్నా. మా అన్న, వదిన కొన్నేళ్లుగా మైదానంలో ఒక గుడ్ల కోళ్ల ఫారంలో ఉంటున్నారు. ఫారాల వాళ్లు ఒంటరి మనిషిని పెట్టుకోరు, జంటనే అడుగుతారు. ఇద్దరికీ కలిపి నెలకి ఒకటే జీతం, ఉండటానికి షెడ్డు పక్కన ఒక గది. మేత వేయడం, నీళ్లు చూడడం, గుడ్లు ఏరి ట్రేల్లో సర్దడం, చచ్చిన కోళ్లని తీసి పారేయడం, అన్నీ ఇద్దరూ చేస్తారు. జీతం అన్న చేతికి వస్తుంది. అందులో వదినది ఎంత అని అడిగితే వదినకి కూడా తెలీదు. ఈ జంట జీతం గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

2024 మే 13న మన రాష్ట్రంలో 175 అసెంబ్లీ సీట్లకి, 25 లోక్‌సభ సీట్లకి ఒకే రోజు పోలింగ్ జరిగింది కదా. నాకది మొదటి ఓటు. అన్న, వదిన కూడా వస్తారని అమ్మ వారం ముందు నుంచే ఎదురు చూసింది. మామిడి పండుగకి కూడా రాలేదు వాళ్లు. ఓటుకైనా వస్తారు అనుకుంది.

ఫారం ఓనరు ఒకటే మాట చెప్పాడంట. "ఇద్దరూ పోతే కోళ్లు ఎవరు చూస్తారు? ఒకళ్లు పోండి. ఇంటికి ఒక ఓటు చాల్లే." పోయినన్ని రోజుల జీతం కట్ అని కూడా ముందే చెప్పాడు. వదిన "మరి నా ఓటో బాబు గారూ" అని అడిగిందంట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. చివరికి అన్న ఒక్కడే బయల్దేరాడు.

ఆదివారం సాయంత్రం మేత వేసి ఆటో ఎక్కాడు. రాజమండ్రిలో బస్సు, రంపచోడవరంలో చుట్టాలింట్లో రాత్రి, పొద్దున్నే జీపు, మారేడుమిల్లి దాటి దిగి అక్కడి నుంచి నడక. ఇంటికి చేరేసరికి పదకొండు. మా ఊర్లో బూత్ లేదు, పక్క ఊర్లో. ఎండలో మళ్లీ నాలుగు కిలోమీటర్లు. అన్న వేలికి సిరా పడేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఆ రోజు మన రంపచోడవరంలో, పాడేరులో, అరకులో పోలింగ్ సాయంత్రం నాలుగు గంటలకే ఆపేశారు. మైదానంలో ఆరు దాకా. 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లోనూ అంతే, ఆసిఫాబాద్, ములుగు, పినపాక, భద్రాచలం లాంటి 13 చోట్ల నాలుగుకే ముగించారు. నక్సల్స్ సమస్య ఉన్న ప్రాంతాలు, చీకటి పడకముందే మిషన్లు, సిబ్బంది బయటపడాలి అని కారణం చెప్తారు. కారణం అర్థమవుతుంది. కానీ ఎక్కువ దూరం నుంచి రావాల్సింది మన వాళ్లు, ఎక్కువ నడవాల్సింది మన వాళ్లు, రెండు గంటలు తక్కువ దొరికేది కూడా మన వాళ్లకే. (నాలుగులోపు లైన్లో ఉంటే స్లిప్ ఇస్తారు, ఎంత సేపైనా ఓటు వేయనివ్వాలి. ఇది గుర్తుపెట్టుకోండి, లైన్లోంచి మాత్రం బయటికి రావొద్దు.)

అన్న మంగళవారం పొద్దున్న ఫారానికి చేరాడు. నెలాఖరుకి జీతంలో 1,200 తగ్గింది. ఇద్దరికీ కలిపి 18,000, అంటే రోజుకి 600, రెండు రోజులకి 1,200. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ రెండు రోజులు వదిన అక్కడే ఉంది. ఇద్దరి పని ఒక్కతే చేసింది. జంట జీతం కాబట్టి జంటకే కట్ అంట. ఓటు వేయని మనిషికి కూడా ఓటు వేసినందుకు కోత పడింది.

ఇది మా ఒక్క ఇంటి కథే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. హాస్టల్లో మా గదిలో ఎనిమిది మందిమి. ఒక రాత్రి ఈ మాట వస్తే ఐదుగురి ఇళ్లలో ఇలాంటిదే ఉంది. ఒకమ్మాయి వాళ్ల నాన్న అయితే రొయ్యల చెరువు కాపలాకి పోయినప్పటి నుంచి ఒక్క అసెంబ్లీ ఓటు కూడా వేయలేదంట.

ఇప్పుడు చట్టం సంగతి. మా సార్ ఎన్నికల చట్టాల పాఠం చెప్తున్నప్పుడు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాడు, నేను తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివాను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అని ఒక సెక్షన్ ఉంది. 1996లో సవరణ చేసి చేర్చారు. అందులో ఉన్నది మన మాటల్లో చెప్తా. వ్యాపారం, ఫ్యాక్టరీ, ఇంకా ఏ సంస్థలో పనిచేసే మనిషికైనా సరే, లోక్‌సభకో అసెంబ్లీకో ఓటు ఉంటే పోలింగ్ రోజు సెలవు ఇవ్వాలి. ఆ సెలవుకి జీతం కోయకూడదు. "వాళ్లు రోజు కూలీలు, పనికి వస్తేనే డబ్బులు, రాకపోతే లేదు" అని తప్పించుకోవడానికి కూడా లేదు. మామూలుగా అలాంటి రోజుకి కూలి రాని మనిషికి కూడా, సెలవు లేకపోతే ఎంత వచ్చేదో అంత ఇవ్వాలి అని విడిగా రాశారు. ఆ వాక్యం నేను మూడు సార్లు చదివాను. అది సరిగ్గా మన వాళ్ల కోసమే రాసినట్టు ఉంది. ఎలక్షన్ కమిషన్ కూడా రోజు కూలీలకి ఇది వర్తిస్తుందని, ఓటు ఒక నియోజకవర్గంలో ఉండి పని ఇంకోచోట ఉన్నవాళ్లకీ వర్తిస్తుందని చెప్తుంది.

మరి ఇవ్వకపోతే? 500 రూపాయల దాకా జరిమానా. అంతే.

సెలవులకి పోయినప్పుడు వదినకి ఇదంతా చదివి చెప్పాను. వదిన బడికి మూడో తరగతి దాకానే పోయింది. అంతా విని "మా కోత 1,200. ఆయన జరిమానా 500. అంటే సెలవు ఇవ్వకుంటేనే ఆయనకి లాభం కదా" అంది. మా క్లాసులో ఎవరూ ఈ లెక్క వేయలేదు, నాతో సహా.

ఇంకో సంగతి. 135బి పక్కనే 135సి అని ఉంటుంది. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మందు అమ్మకూడదు అనేది. అది తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ నంబర్ తెలియకపోయినా మా ఊర్లో ముసలోళ్ల దాకా అందరికీ ఆ రూలు తెలుసు. షాపులు మూస్తారని ముందే తెచ్చి పెట్టుకుంటారు. (మా జీలుగు చెట్లకి ఏ సెక్షనూ తెలీదనుకోండి, అవి కారుతూనే ఉంటాయి.) పక్క పక్క సెక్షన్లే. ఒకటి దేశమంతా తెలుసు, పోలీసులు దగ్గరుండి అమలు చేస్తారు. రెండోది కూలి మనిషి జేబుకి సంబంధించింది, దాన్ని అడిగేవాడు లేడు.

ఓనరు వైపు కూడా ఒక మాట ఉంది, అది దాచి రాస్తే తప్పు. 135బిలోనే చివర ఒక మినహాయింపు ఉంది. ఆ మనిషి పనిలో లేకపోతే ప్రమాదమో, పెద్ద నష్టమో జరిగేటట్టు ఉంటే ఈ సెలవు వర్తించదు అని. మా హాస్టల్లో సీనియర్ అక్క లా ఎంట్రెన్స్‌కి చదువుతోంది, ఆమె నాతో గట్టిగా వాదించింది. "మే నెల. షెడ్డులో వేల కోళ్లు. నీళ్లు ఆగితే గంటల్లో చస్తాయి. అది పెద్ద నష్టం కాదా?" అని. నిజమే. కోళ్లకి ఎలక్షన్ ఉందని తెలీదు. మా అన్న కూడా "ఇద్దరం వచ్చేస్తే కోళ్లు చచ్చేవి, ఆ మాట నిజమే" అన్నాడు.

కానీ నాకు అనిపించేది వేరు. ఆ ఎలక్షన్ షెడ్యూల్ 2024 మార్చి 16న ప్రకటించారు. మే 13 దాకా 58 రోజులు ఉంది. ఫలానా రోజు మన వాళ్లు ఊరికి పోవాలి అని ఓనరుకి దాదాపు రెండు నెలల ముందు తెలుసు. ఫారం పక్క ఊర్లో ఓటున్న మనుషులు ఇద్దరిని పెట్టుకుంటే, వాళ్లు పొద్దున్నే ఏడింటికి ఓటు వేసేసి తొమ్మిదికి షెడ్డులో ఉంటారు. అదే ఇంట్లో పెళ్లికి పోవాల్సి వస్తే ఆ ఓనరే మనిషిని చూసుకునేవాడు కదా. ఏర్పాటు చేసుకోకుండా కూర్చుని చివరి రోజు "నష్టం" అంటే, ఆ నష్టం కోళ్ల వల్ల వచ్చింది కాదు. నా ఉద్దేశంలో ఆ మినహాయింపు ఆసుపత్రిలో, కరెంటు సబ్‌స్టేషన్లో నిజంగా కదల్లేని మనిషికి ఉండాలి. మనిషికి బదులు మనిషిని పెట్టగలిగే చోట అది సాకు అవుతుంది. సీనియర్ అక్క ఒప్పుకోలేదు. "జడ్జి ముందు నిలబడదు నీ మాట" అంది. ఆమె ఆమె మాట మీద ఉంది, నేను నా మాట మీద ఉన్నా.

దారి ఖర్చు ఇంకో తలనొప్పి. చట్టం ఆ రోజు జీతం ఇమ్మంటుంది, ఆ ఒక్క రోజుకే. బస్సు చార్జీ గురించి లేదు, దారిలో పోయే రెండో రోజు గురించి లేదు. ఓటున్న ఊర్లోనే పనిచేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్ అది. ఒక గంట పర్మిషన్‌తో అయిపోయే వాళ్లకి రోజంతా సెలవు, రెండు రోజులు పట్టే వాళ్లకీ ఒకటే రోజు. అదే మే 11, 12 తేదీల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు కార్లతో, బస్సులతో ఎలా నిండిపోయిందో టీవీలో చూసే ఉంటారు. వాళ్లకి శనివారం, ఆదివారం ఎలాగూ సెలవు, సోమవారం పోలింగ్ సెలవు. వాళ్లు రావడం మంచిదే, నేను తప్పు పట్టట్లేదు. మన వాళ్లకి వారంలో ఒక్క ఆదివారం కూడా ఉండదు అని మాత్రం చెప్తున్నా. కోడి ఆదివారం కూడా గుడ్డు పెడుతుంది.

"పార్టీ వాళ్లు జీపు పంపుతారుగా" అంటారు. పంపుతారు. అదే చట్టంలో 133 సెక్షన్ ప్రకారం అభ్యర్థి తరఫున ఓటర్లని తోలడానికి బండ్లు మాట్లాడడం నేరం, మూడు నెలల దాకా జైలు. అంటే న్యాయంగా పోవడానికి మనకి డబ్బు లేదు, ఉచితంగా తీసుకెళ్లే జీపు నేరం. ఎక్కిన తర్వాత దిగేదాకా వాళ్లు ఎటు చెప్తే అటు తల ఊపాలి, అది వేరే. మన వాళ్లు ఓటుకి డబ్బులు తీసుకుంటారని మైదానంలో హేళనగా మాట్లాడతారు. 1,200 కోత, దారి ఖర్చు పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఎవరో 500 చేతిలో పెడితే అది లంచమా, చార్జీయా అని నాకు నిజంగా ఒక్కోసారి సందేహం వస్తుంది. తీసుకోవడం సరే అనట్లేదు. ఆ కూలి చట్టప్రకారం దొరికి ఉంటే కాదనే ధైర్యం కొంచెం ఎక్కువ ఉండేది అంటున్నా.

కొందరు తెలివైన సలహా ఒకటి ఇస్తారు. ఓటు అక్కడికే మార్చుకోండి, ఫారం ఉన్న ఊర్లోనే వేసుకోండి అని. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. 1996లోనే, డిసెంబర్‌లో, మన షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం పెసా చట్టం వచ్చింది. గ్రామసభ అంటే ఎవరు అని అందులో రాశారు. ఆ ఊరి స్థాయిలో పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరు ఉన్నవాళ్లు. అంటే ఓటు మార్చుకున్న రోజే మన గ్రామసభలోంచి మన పేరు పోతుంది. భూసేకరణకి ముందు సంప్రదింపులు, అటవీ ఫలసాయం మీద హక్కు, ఇలాంటివి మాట్లాడేటప్పుడు చేయి ఎత్తే హక్కు ఉండదు. ఇద్దరు ముగ్గురు మార్చుకుంటే ఏం కాదు. కానీ ఏజెన్సీ ఊర్లలో సగం యూత్ బయటే ఉంటున్నారు. వాళ్లందరూ మార్చుకుంటే ఊర్లో గ్రామసభ అంటే ముసలోళ్లు, ఇంకా పైనుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. పైగా ఫారంలో ఏడాదికో చోటుకి మారుతుంటారు, ఎన్ని సార్లని మారుస్తారు? పని కోసం తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన సొంత ఊర్లో ఓటు పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. "మీరు ఊర్లో ఉండట్లేదు కదా" అని ఎవరైనా పేరు తీసేస్తామంటే ఆ మాట చెప్పండి.

ఇక ఉన్న చోటు నుంచే ఓటు వేసే దారి. పోస్టల్ బ్యాలెట్ సైనికులకి ఉంది, పోలింగ్ డ్యూటీ ఉద్యోగులకి ఉంది, 85 ఏళ్లు దాటినవాళ్లకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి ఉంది. వలస కూలీకి లేదు. 2022 డిసెంబర్ చివర్లో ఎలక్షన్ కమిషన్ ఒక రిమోట్ ఓటింగ్ మిషన్ చేశామని చెప్పింది, ఒక్క బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించొచ్చు అని. 2023 జనవరిలో పార్టీలని పిలిచి చూపించడానికి కూర్చోబెడితే చాలా పార్టీలు అనుమానాలు చెప్పాయి. 2024 ఎలక్షన్‌లో అది ఎక్కడా కనపడలేదు. నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. ఫారం పక్కనే మిషన్ పెడితే ఓనరు ట్రాక్టర్‌లో ఎక్కించి తీసుకెళ్తాడు, దారిలో ఎవరికి వేయాలో కూడా చెప్తాడు. మా అన్నకి కావాల్సింది మిషన్ కాదు, ఇంటికి పోయి రావడానికి రెండు రోజులు.

ఒక పెద్ద గండి ఇంకా చెప్పలేదు. 135బిలో ఉన్నది లోక్‌సభ, అసెంబ్లీ మాత్రమే. పంచాయతీ ఎన్నికల మాట అందులో లేదు. వాటికి సెలవు అప్పుడప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వుల మీద ఆధారపడి ఉంటుంది. మనకి ఒక్క ఓటు విలువ తెలిసేది పంచాయతీలోనే. 2021 ఫిబ్రవరిలో మా పంచాయతీ సర్పంచ్ తేడా పదకొండు ఓట్లు. మా ఒక్క గూడెం నుంచి ఆ రోజు బయట పనుల్లో ఉండి రానివాళ్లు పద్నాలుగు మంది, పేర్లతో సహా అమ్మ లెక్క చెప్తుంది. ఎటు వేసేవాళ్లో నాకు తెలీదు. రానే లేదు కదా.

నేను చేసింది చిన్న పని. ఒక పేజీ లెటర్ రాశాను, తెలుగులో, ఓనరుకి ఇచ్చేలాగా. నా పేరు ఇది, నా ఓటు ఫలానా నియోజకవర్గంలో, ఓటర్ కార్డు నంబర్ ఇది, పోలింగ్ తేదీ ఇది, 135బి ప్రకారం ఆ రోజు జీతంతో కూడిన సెలవు అడుగుతున్నాను, నా బదులు మనిషిని చూసుకోవడానికి వీలుగా ఇన్ని రోజుల ముందే చెప్తున్నాను అని. భార్యకి వేరే లెటర్, భర్తకి వేరే లెటర్. ఇది ముఖ్యం, జంటకి ఒకటే ఇస్తే మళ్లీ "ఇంటికి ఒకటి" అంటారు. షెడ్యూల్ వచ్చిన వారంలోనే ఇవ్వాలి, ఇచ్చినట్టు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. ఒప్పుకోకపోతే 1950కి ఫోన్ చేయొచ్చు, కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి కాబట్టి ఆయన ఆఫీసుకి రాసి పంపొచ్చు, లేబర్ ఆఫీసులో ఇవ్వొచ్చు.

అన్నకి చూపిస్తే భయపడ్డాడు. "లెటర్ ఇచ్చిన మర్నాడు గది ఖాళీ చేయమంటే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సెక్షన్‌లో జీతం కోయకూడదని ఉంది కానీ పనిలోంచి తీసేయడం గురించి ఒక్క మాట లేదు. అందుకే ఒక్కళ్లు ఇస్తే కుదరదు అనిపిస్తోంది. ఒక ఏరియాలో ఉన్న ఫారాలన్నిటిలో మన జంటలు ఒకే రోజు ఇస్తే అందరినీ తీసేసి గుడ్లు ఎవరు ఏరతారు? వదిన మాత్రం తన లెటర్ మీద వేలిముద్ర కాకుండా సంతకం పెడతానని నేర్చుకుంటోంది. ఇంకా "ర" దగ్గర ఆగుతోంది.

మీ వాళ్లు ఏ పనిలో ఉన్నారు, ఏ మండలం నుంచి ఏ వైపు పోయారు, పోలింగ్ రోజు ఎంత కోశారు, ఇవి నాకు రాసి పంపండి. ఓనర్ల పేర్లు వద్దు, ఫారాల పేర్లు వద్దు, పని, దూరం, కోత చాలు. కోయలోనో, కొండరెడ్ల మాటలోనో చెప్పే పెద్దవాళ్లు ఉంటే ఆడియో పంపండి, నేను రాసుకుంటా. లెటర్ నమూనా కావాల్సినవాళ్లు అడగండి. హాస్టల్లో ప్రింటర్ లేదు, బయట పేజీకి రెండు రూపాయలు తీసుకుంటున్నాడు, కాబట్టి ఎన్ని కావాలో సరిగ్గా చెప్పండి.